తొమ్మిదిన్నర

చాకలిపేటలో సబ్బు కాయడమేమిటని
కింది వాటావాళ్ళు నవ్వుతారు.
నవ్వనీ.

మూడో అంతస్తు, రేకుల వంటగది,
కొబ్బరినూనె ముప్పాతిక, ఆముదం పాతిక,
బ్యాటరీల కొట్లో కొన్న డిస్టిల్డ్ వాటర్ క్యాను.
బోరు నీళ్ళతో కాస్తే సబ్బు తెట్టు కడుతుంది,
మెట్రో లారీ నీళ్ళు తాగడానికే చాలవు.
కాస్టిక్ పొటాష్‌ని నీళ్ళలో వెయ్యాలి,
నీళ్ళని దాని మీద పొయ్యకూడదు.
మింట్ స్ట్రీట్ తెలుగు బళ్ళో
ముప్పైరెండేళ్ళు ఈ మాట విన్నాను.
చెప్పింది మాస్టారు.
గాజు గొట్టాలు కడిగింది నేను.

ఆఖరి ఏడు తెలుగు మీడియంలో నలుగురే పిల్లలు.
ల్యాబుకి తాళం పడ్డ రోజు
సన్మానమేమీ జరగలేదు,
బీరువాలో మిగిలిన పీహెచ్ కాగితాల కట్ట
నా సంచిలో పడేశారు.

కన్నియమ్మ చేతులు చూశాకే ఇదంతా.
బీచ్ స్టేషను వెనక మెస్సులో
పూటకి రెండొందల కంచాలు తోముతుంది.
వేళ్ళ సందుల్లో చర్మం
తడి గోడ సున్నంలా పెచ్చులు లేస్తోంది.
నా మొదటి సీసా వాడి, మర్నాడే
"ఎరియుదక్కా" అంది.
మంట ఏ భాషలోనైనా తెలుస్తుంది.

కాగితం ముంచాను. నెమలి మెడ రంగు.
తొమ్మిదిన్నర.
చర్మం అయిదున్నర దగ్గర ఉంటుంది.
మధ్యన నాలుగే మెట్లు,
కానీ మెట్టుకి పది రెట్లు.
రుక్మాంగద నాయుడు మాస్టారు
బోర్డు మీద సున్నాలు చుట్టి చుట్టి
సుద్దముక్క అరగ్గొట్టేవారు.

సరే, దింపుదామనుకున్నాను.
నిమ్మ ఉప్పు నీళ్ళు, చుక్క, కలుపు,
మళ్ళీ చుక్క, మళ్ళీ కాగితం.
తొమ్మిది దాకా బాగానే ఉంది, తేనెలా, అవతలి గోడ కనిపించేలా.
ఇంకో నాలుగు చుక్కలు.
ఉన్నట్టుండి కుడితి అయిపోయింది.
అన్నం వార్చి వచ్చి చూస్తే
పైన జిడ్డు తేలి ఉంది.
నూనె కాదది, నూనెలోంచి విడిపోయిన ఆమ్లం.
ఇరవై రోజుల పని
ఒక చెంచాడు పులుపుకి విరిగింది.

పెరంబూరుకి ఫోను చేశాను.
మాస్టారు చాలాసేపు నవ్వి,
"సబ్బుకి ఆ కాస్త క్షారమే ప్రాణం.
అది తీసేసి, సబ్బులాగే ఉండమంటే
ఎలా ఉంటుంది?" అన్నారు.
తరవాత గొంతు మార్చి
"ఎన్ని చుక్కలు వేశావు?
రీడింగు ఎంత దగ్గర విరిగింది?" అని అడిగారు.

ముప్పైరెండేళ్ళలో
పిల్లల్ని అడిగేవారు, ఇన్‌స్పెక్టర్లకి చెప్పేవారు.
నన్ను రీడింగు అడగడం
ఇదే మొదలు.
నా గొంతు తడబడింది.
ఎనిమిదీ ముప్పాతిక అన్నాను,
ఎనిమిదిన్నరేమో, కాగితం సరిగా చెప్పదు కదండీ అన్నాను.
"రాసిపెట్టు" అన్నారాయన.

ఈసారి తొమ్మిదిన్నర దగ్గరే ఆపాను.
నూటికి మూడు పాళ్ళు నూనె అదనంగా, అలాగే వదిలేశాను.
కంచాలయ్యాక మగ్గు నీళ్ళలో
నిమ్మరసం చుక్కలు వేసి చేతులు ముంచు,
తుడిచి కొబ్బరినూనె రాయి అని చెప్పాను.
ఇదే మందు అని చెప్పలేదు.
రెండొందల కంచాలకి నా దగ్గర మందు లేదు.

నోటు బుక్కులో ఉద్దేశం, పరికరాలు, పరిశీలన,
పక్కన కాగితం ముక్కలు వరసగా అంటిస్తుంటే
కన్నియమ్మ వచ్చి కూచుని
తన అరచెయ్యి చాపింది.
"ఇది ఎంత?"

తడిపి అంటించాను. పసుపులో కాస్త నారింజ.
అయిదున్నర.
"ఎన్నింటికి?"
పధ్నాలుగుకి.
వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది,
ఎనిమిదో క్లాసుతో చదువు ఆగిన మనిషి.
"ముప్పైఐదు వస్తే పాసే కదా అక్కా?"

పాసే అన్నాను.

కాగితాన్ని పర్సులో పెట్టుకుంది,
మెస్సులో చూపిస్తానని.
బస్సు ఎక్కేలోపే దాని రంగు ఆరిపోతుందని
నేను చెప్పలేదు.